లాంతరు తల్లి

ఆ రోజు గంప మీద గొంగడి కప్పింది నేనే. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. నేను నోరు తెరిచేసరికి మా అత్త బతుకు ఒక దారి పట్టి చాలా దూరం పోయింది.

మొన్న పక్కింటి కోడలు, మోపెడ్ మీద అమ్మకానికి వచ్చినవాడి దగ్గర కోడిపిల్లలు కొన్నది. పిల్లల ముచ్చట కోసం. వాటిని అట్టపెట్టెలో వేసి, పైన కరెంటు బల్బు వేలాడదీసి, నన్ను పిలిచి చూపించింది. "తాతా, చలిగాలి వస్తాంది గదా, పైన దుప్పటి కప్పేదా?" అని అడిగింది. నేను ఎంత గట్టిగా వద్దని అరిచానంటే ఆ అమ్మాయి చేతిలోని దుప్పటి కింద పడేసింది. తర్వాత నాకే సిగ్గేసింది. ఇంటికి వచ్చి కూర్చుంటే కిరసనాయిలు వాసన తగిలింది. మా ఇంట్లో కిరసనాయిలు లేక ఎన్నో ఏళ్లయింది.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. కొత్త రాష్ట్రం వచ్చిందని బడిలో మాకు బొరుగులు, బెల్లం పంచిన తర్వాత కొన్ని వానాకాలాలు గడిచాయి. గిద్దలూరు దగ్గర ఒక ఊరు. పడమట నల్లమల, మిగతా దిక్కులన్నీ రాళ్లచేలు. వాన పడితే కొర్రలు, శనక్కాయలు, ఆముదాలు. పడకపోతే గొర్రెలే దిక్కు. మా ఇంట్లో మనుషుల బాగోగుల కంటే గొర్రెల బాగోగుల మాటే ఎక్కువ సాగేది. తడిసిన ఉన్ని వాసన, ఆముదం వాసన, పొయ్యి మీద ఉడికే ఉలవల వాసన. నా చిన్నతనం ఈ మూడింటిలోనే గడిచింది.

చలికాలంలో గొర్రెలు ఈనితే, బలహీనంగా ఉన్న పిల్లలను నాయన గంప కింద పెట్టి, పైన గొంగడి నేల దాకా కప్పేవాడు. తెల్లారి గొంగడి ఎత్తితే పాలవాసన కలిసిన వెచ్చని ఆవిరి ముఖానికి తగిలేది. పిల్ల కళ్లు మిటకరిస్తూ లేచి నిలబడేది. పసిప్రాణాన్ని బతికించడమంటే గంప, గొంగడి. నాకు బుద్ధి తెలిసేనాటికే ఆ సంగతి నా తలలో పాతుకుపోయింది.

మా నాయనకు ఒక్కతే చెల్లెలు మా అత్త. కొమరోలు దిక్కున ఒక ఊరికిచ్చారు. పిల్లలు పుట్టలేదని మామ ఇంకొకామెను చేసుకున్నాడు. అత్త గుడ్డల మూటతో మా ఇంటికి వచ్చేసింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. వచ్చిన మరుసటి రోజే పొద్దున్నే లేచి కసువు ఊడ్చి, గొర్రెల దొడ్డి శుభ్రం చేసి, జొన్నరొట్టెలు తట్టింది. ఆమె నూరిన ఊరిబిండి పచ్చడి వాసనకు మా నాయన ఇంకో రొట్టె అడిగేవాడు. అమ్మకు అది కూడా కష్టంగా ఉండేది.

"మీ చెల్లెలి చేతి కూడు తినేటప్పుడు మీ కడుపుకు కొలత ఉండదు," అనేది అమ్మ.

అత్త నవ్వి, "వదినా, రేపు ఉప్పు ఎక్కువ వేస్తాలే, తక్కువ తింటాడు," అనేది.

నన్ను అల్లుడా అని పిలిచేది. "అల్లుడా, నాకు కూతురు పుట్టింటే నిన్ను ఇల్లరికం తెచ్చుకుందును. నీ అదృష్టం బాగుండి తప్పించుకున్నావు," అని నెత్తిన మొట్టేది. పిల్లలు లేని సంగతిని అంత తేలిగ్గా అనగలిగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు వానలు మొదలైనాక మామ తల్లి నుంచి కబురు వచ్చింది. రెండో కోడలు నీళ్లోసుకుంది. ఇంట్లో పనికి మనిషి లేదు. "మా పెద్ద కోడలిని మా ఇంటికి పంపండి. వానలు తగ్గినాక పెద్దమనుషులను వెంటబెట్టుకొని వస్తాం," అన్నది ఆ కబురు. కబురు తెచ్చిన మనిషి మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. అత్త ఆ చెంబు కడిగి బోర్లించి, "సవతికి పురుడు పోయడానికి పోవాల్నా అన్నా నేను?" అని అడిగింది. నాయన బీడీ వెలిగించుకొని బయటికి పోయాడు.

అట్లాంటి రోజుల్లో బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవకుడు మా ఊరికి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. సైకిలు, గుడ్డసంచి, మాట మాటకీ అండీ. ఎక్కువ గుడ్లు పెట్టే సీమకోడి పిల్లలను సర్కారు ఇస్తుందని, ఇంటి దగ్గర పెంచుకుంటే గుడ్లను గిద్దలూరులో కొనేవాళ్లున్నారని రచ్చబండ దగ్గర చెప్పాడు. అందరూ విన్నారు, ఎవరూ ముందుకు రాలేదు. చుట్ట తాగుతున్న ముసలాయన ఒకడు, "కోళ్లు పెంచేదానికి సర్కారు ఎందుకప్పా, మా కోడి మాకు అడక్కుండానే పిల్లల్ని చేస్తాంది," అన్నాడు. జనం నవ్వారు.

నవ్వు తగ్గాక ఆడవాళ్ల వెనక నుంచి అత్త అడిగింది. "సార్, ఆ పిల్లలు నాకిస్తారా?"

ఆ సాయంత్రం నాయన ఆమెను కొట్టంలోకి పిలిచి కూర్చోబెట్టాడు. నేను గుంజకు ఆనుకొని వింటున్నాను.

"పాపా, ఇది నువ్వు నిలబెట్టుకుంటే వాళ్లకు నేను జవాబు చెప్పగల్ను. మా చెల్లెలి కూడు మా చెల్లెలే సంపాదించుకుంటాంది, మీకేం పని అంటా. అట్ల గాకపోతే పెద్దమనుషుల ముందర నా దగ్గర ఏం మాట ఉండాది, నువ్వే చెప్పు."

"నిలబెట్టుకుంటా అన్నా," అన్నది అత్త.

పిల్లలు రైల్లో వచ్చాయి. చుట్టూ కంతలున్న అట్టపెట్టె. నాయన గిద్దలూరు స్టేషను నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకొని బండిలో తెచ్చాడు. కొట్టంలో ఒక మూల అత్త అప్పటికే సిద్ధం చేసి పెట్టింది. గ్రామసేవకుడు పక్కన నిలబడి చెప్తుంటే, తడికను గుండ్రంగా వంచి కట్టింది. మూలలు ఉంటే పిల్లలు అక్కడ గుమిగూడి ఒకదాన్నొకటి తొక్కి చంపుకుంటాయట. కింద ఎండిన శనక్కాయ పొట్టు పరిచింది. పొట్టును మేతనుకొని తినకుండా దాని మీద పాత పేపర్లు వేసింది. దూలానికి పెద్ద గంపను బోర్లించి వేలాడదీసింది. గంప అంచుకు, నేలకు మధ్య పిల్లలు దూరేంత సందు. గంప లోపల హరికేన్ లాంతరు. గంప నడినెత్తిన మాత్రం అల్లిక కోసి ఒక కంత చేశారు.

"చూడండమ్మా," అన్నాడు గ్రామసేవకుడు. "పిల్లలన్నీ లాంతరు కిందికి చేరి అరుస్తుంటే చలేస్తోందని అర్థం, వత్తి పెంచండి. తడిక దగ్గరికి పారిపోతుంటే వేడెక్కువైందని అర్థం, తగ్గించండి. అక్కడక్కడా పడి నిద్రపోతుంటే మీరూ పడుకోవచ్చు. ఈ పై కంత మాత్రం ఎప్పుడూ మూయకండి. పొగ దానిలోంచే పోవాలి. లాంతరుకూ మనలాగే గాలి కావాలి."

ఈ మాట నేను విన్నాను. ఆయన పక్కనే నిలబడి విన్నాను.

పెట్టె తెరిచేసరికి పసుపు ముద్దల్లాంటి పిల్లలు. అత్త ఒక్కొక్కదాన్నీ తీసి, ముక్కును నీళ్లలో ముంచి, తాగించి, గంప కిందికి వదిలింది. చూడటానికి ఊరంతా వచ్చింది. ఒక అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకొని, "వీటి తల్లి యాడుండాదమ్మా?" అని అడిగింది.

"తల్లి లేదవ్వా. కర్నూల్లో మిషను పొదిగిందంట."

"మిషనుకు రెక్కలుంటాయా?"

"రెక్కలు లేకనే గదవ్వా మనకు పంపింది."

"అయితే ఇప్పుడు వీటికి తల్లెవురు?"

అత్త వేలాడే గంపను చూపించింది. "ఇదిగో, లాంతరు తల్లి."

ఆ పేరు ఊళ్లో నిలిచిపోయింది. బడికి పోతుంటే పిల్లలు, "మీ ఇంట్లో లాంతరు తల్లి ఇంకా మండుతాందా?" అని నన్ను ఎగతాళి చేసేవాళ్లు. నాకు లోపల గొప్పగా ఉండేది.

తర్వాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి. కొర్రనూకలు వేయించిన వాసన, పల్చటి మజ్జిగ, మండే వత్తి. బడిలో మాకు తాగమని కలిపిచ్చే పాలపొడిని కలపకముందే జేబులో పోసుకొని వచ్చి పిల్లలకు వేసేవాడిని. సగం దారిలో నేనే నాకేసేవాడిని. జేబు గట్టకట్టి పోయేది. అత్త నిక్కరు ఉతుకుతూ, "అల్లుడా, నీ జేబులో సున్నం బట్టీ పెట్టినావా?" అనేది. కోడిపిల్లలకు చెదలంటే ప్రాణం. పాత కుండలో తడి పేడ, చెత్త గడ్డి నింపి చేలో చెదలున్నచోట బోర్లిస్తే, తెల్లారేసరికి కుండ నిండా చెదలు పడతాయి. ఊళ్లో వేరేవాళ్లు పెట్టుకున్న కుండలను కూడా నేను దులుపుకొచ్చేవాడిని. ఎవరో తిట్టుకుంటూ ఇంటి మీదికి వస్తే అత్త తనే దులిపానని చెప్పింది. ఆమె చెప్పింది కదా అని నేను ఊరుకున్నాను. అట్లా ఊరుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

పిల్లలకు రెక్కల్లో తెల్లని ఈకలు మొలవడం మొదలైంది. అమ్మ కూడా కొట్టంలోకి వచ్చి చూసిపోయేది. "గుడ్లు పెట్టినాక అమ్మేదే గాదు, ఇంట్లోకి కూడా ఇయ్యాల," అన్నది ఒకసారి. అత్త ఆ మాటకు రోజంతా సంతోషంగా ఉంది.

అప్పుడు ముసురు పట్టింది. ఆకాశం తెరపి ఇవ్వలేదు. గోడలు చెమ్మగిల్లాయి, పొయ్యి పొగ ఇంట్లోనే తిరిగింది. నాయన గొర్రెలతో కొండకింద చిక్కుకుపోయాడు. పగలు కూడా చలి. పగలు కూడా లాంతరు వెలుగుతూనే ఉంది. అమ్మకు జ్వరం. ఆ మధ్యాహ్నం అమ్మ మంచంలోంచే అన్నది. "ఆ మనిషి నిన్నటినుంచి తిన్నాడో లేదో. సద్ది తీసుకపో పాపా."

అత్త కొట్టం వైపు చూసింది. "వదినా, పిల్లలు..."

"నీ కోడిపిల్లలకు నేను కాపలా ఉండాల్నా ఏంది, ఈ జ్వరంతో?"

అత్త సద్ది కట్టుకుంది. గోనెసంచిని కొప్పెరగా మడిచి తల మీద వేసుకుంది. పోయే ముందు నా పక్కన గొంతుకూర్చొని నా రెండు చేతులూ పట్టుకుంది. "అల్లుడా, నేను వచ్చిందాకా ఇక్కడి నుంచి కదలబాకు. చలేసి అరిస్తే వత్తి కొంచెం పెంచు. ఇంకేం చేయబాకు. కూర్చో, అంతే."

"పో అత్తా, నేనుండా గదా," అన్నాను.

ఆమె పోయిన కొంతసేపటికి వీధిలో కేకలు. "వాగొచ్చింది! వాగొచ్చింది!"

అత్త పోయిన దారి వాగుకు ఇవతలే. మా వాగు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పారేది. కొన్నేళ్లు అసలు పారేది కాదు. వాగొచ్చిందంటే ఊళ్లో పిల్లాజెల్లా, ముసలీముతకా అందరూ గట్టుమీద ఉండేవాళ్లు. కొట్టుకొచ్చే కట్టెలు, తేళ్లు, గుమ్మడికాయలు. ఎర్రటి నీళ్లు. నేను ఒకసారి పిల్లల వైపు చూశాను. కొన్ని లాంతరు కిందికి చేరి కిచకిచమంటున్నాయి. చలేస్తోంది. వత్తి పెంచాను. వదిలి పోతే ఇంకా చలేస్తుందేమో అనిపించింది. గోడకు నాయన పాత గొంగడి వేలాడుతోంది. దాన్ని తీసి గంప మీద కప్పాను. అంచులు నేల దాకా లాగి, గాలి దూరకుండా చుట్టూ సర్దాను. గొర్రెపిల్లలకు నాయన చేసినట్టే చేశాను. వాటికి మంచి చేసే పోతున్నాననుకున్నాను. కంత సంగతి గుర్తు రాలేదని చెప్పలేను. వచ్చింది. కొంచెంసేపే కదా అనుకున్నాను.

వాగు దగ్గర ఎంతసేపున్నానో తెలియదు. తిరిగొచ్చేసరికి కొట్టంలో చప్పుడు లేదు. గొంగడి ఎత్తాను. ముఖానికి ఆవిరి తగిలింది, దానిలో పాలవాసన లేదు. లాంతరు ఆరిపోయింది. చిమ్నీ నల్లగా మసిబారింది. పిల్లలు గొంగడి అంచు పొడవునా, సందు కోసం వెతుక్కున్నట్టు, ముక్కులు బయటికి పెట్టి పడి ఉన్నాయి. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. చలికి చచ్చినవి అంత వెచ్చగా ఉండవు. ఆ తేడా నాకు తెలుసు. గొర్రెల ఇంట్లో పుట్టినవాడిని.

గొంగడి తీసి గోడకు వేశాను. ముడతలు పోయేట్టు సరిచేసి కూడా వేశాను. ఆ పని నా చేతులు నన్ను అడక్కుండానే చేశాయి.

అత్త వచ్చేసరికి పిల్లలు చల్లబడిపోయాయి. ఆమె తడిబట్టలతోనే తడిక లోపల మోకాళ్ల మీద కూర్చొని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసింది. ఏడవలేదు. "లాంతరు ఎప్పుడు ఆరిందిరా?" అని అడిగింది.

"తెలీదు అత్తా."

"నువ్వు ఇక్కడే ఉంటివి గదా?"

"నిద్రపోయినా."

ఆమె తల ఊపింది. "చిన్నపిల్లోడివి. నేనే నూనె సరిగా చూసుకోకుండా పోయింటా," అన్నది. అమ్మ మంచంలోంచి లేచి వచ్చి, ద్వారం పట్టుకొని చూసి, "దీని చేతిలో ఏది నిలిచింది గనక, ఇది నిలిచేదానికి," అన్నది. కోపంగా కాదు. వాన పడుతోంది అన్నట్టే అన్నది. ఆ మాట ఆ సాయంత్రమే వీధి దాటింది.

గ్రామసేవకుడు ముసురు తగ్గాక వచ్చాడు. మసిబారిన చిమ్నీని వెలుగులోకి తిప్పి చూశాడు. గంప కంతలో వేలు పెట్టి చూశాడు. "పైన ఏమైనా కప్పారా అమ్మా?"

"లేదు సార్. మీరు చెప్పినాక ఎందుకు కప్పుతాను?"

"నూనె అయిపోయి ఆరితే ఇంత మసి పట్టదండీ."

"కప్పలేదు సార్."

ఆయన ఆమెను నమ్మలేదు. అది ఆయన ముఖంలో కనిపించింది. అత్తకు కూడా కనిపించింది. నేను గుంజ దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడినేమో అని తర్వాత చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. చెప్పేవాడిని కాదు. "ఇంకోసారి చూద్దాం లెండి," అని ఆయన సైకిలు ఎక్కాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

పెద్దమనుషులు వచ్చారు. నులకమంచాల మీద కూర్చొని, చుట్టలు తాగి, అన్నం తిన్నారు. నాయన తల వంచుకొని విన్నాడు. జవాబుగా ఆయన దగ్గర ఒక్క మాట కూడా లేదు. అత్త గుడ్డల మూట మళ్లీ కట్టుకుంది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు నాతో, "చేలో చెదల కుండ ఉండిపోయింది అల్లుడా, ఎత్తి ఇంట్లో పెట్టు, ఎవరన్నా పగలగొడతారు," అన్నది. బస్సు వచ్చింది. ఎక్కింది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఇంటికి వచ్చి జొన్నరొట్టె తిన్నాను.

తర్వాత నేను ఆమెను చూసింది మీసాలు మొలిచే వయసులో. ఏదో పని మీద కొమరోలు పోయి, అక్కడి నుంచి నడిచి వాళ్ల ఊరికి పోయాను. అత్త దొడ్లో పిడకలు చేస్తోంది. జుట్టు తెల్లబడింది. ఇంటి ముందు శనక్కాయ విత్తనాలు ఒలుస్తున్నారు. ఆడవాళ్లంతా ఒలుస్తున్నారు, ఆమె ఒక్కతే లేదు. సవతికి అప్పటికి ఇద్దరు పిల్లలు. చిన్నది పాకుతూ వచ్చి అత్త చీర పట్టుకోబోతే ఆమె చటుక్కున పక్కకు జరిగింది.

"ఏందత్తా అది?" అన్నాను.

"నన్ను విత్తనం తాకనీరులే. పసిపిల్లల్ని కూడా తాకను. మన ఊరి మాట ఇక్కడికీ వచ్చింది." ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. "నిజమే గదా అల్లుడా. ఏది పట్టుకున్నా నిలవలా."

అక్కడే, ఆ పిడకల మధ్య నిలబడి మొత్తం చెప్పాను. వాగు, గొంగడి, కంత, వెచ్చటి పిల్ల. ఆమె చేతికంటిన పేడ ఆరిపోయేదాకా విన్నది. తర్వాత నా వైపు ఎంతో దయగా చూసింది.

"నా మీద ప్రేమతో చెప్తాండావు నాయనా. అట్ల అబద్ధాలు ఆడబాకు. పాపం."

వాకిట్లోకి పోయి మామ తల్లికి చెప్పాను. ఆ ముసలామె విత్తనాలు చెరుగుతూనే, "మేనత్త కోసం ఎవురైనా చెప్తారులేబ్బీ. ఇంత కాలం నోట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నది. చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. ఆలస్యంగా చెప్పిన నిజం అబద్ధంలాగే వినిపిస్తుందని ఆ వాకిట్లో తెలుసుకున్నాను.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన గొర్రెకు పెరిగిన గిట్ట కోస్తున్నాడు. కోయడం ఆపలేదు. పని పూర్తయ్యాక, "ఇంకెవరికీ చెప్పబాకు," అన్నాడు. నేను ఆయన మాట విన్నాను. వినడం నాకు సులువు గనక విన్నాను.

ఏళ్లు గడిచాయి. మార్కాపురంలో నాకు చిన్న ఉద్యోగం దొరికింది. పెళ్లైంది. నాయన పోయాడు, అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. పలకలు కోసే దుమ్ము పడే ఒక వీధిలో రెండు గదుల ఇల్లు. పాప పుట్టాక, ఇంట్లో పెద్దదిక్కు లేదనే వంకతో అత్త ఊరికి పోయి, ఆమెను మా ఇంటికి పంపమని మామను అడిగాను. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు. "తీసుకపో," అన్నాడు. అంతే. అంత తేలిగ్గా వదిలేసే మనిషి దగ్గరికి ఆమెను పంపడానికి అంత పంచాయితీ జరిగింది.

అత్త మా ఇంట్లో అన్ని పనులూ చేసింది. వంట, నీళ్లు, బట్టలు. పాపను మాత్రం ముట్టుకోలేదు. ఉయ్యాలకు పొడుగాటి తాడు కట్టి, వంటగది గడప దగ్గర కూర్చొని అక్కడి నుంచే లాగేది. పాప ఏడిస్తే, "పాప లేచింది," అని నా భార్యను కేక వేసేది.

ఒక రోజు నా భార్య నాతో మెల్లగా అన్నది. "మీ అత్త మంచిది. ఆ ఒక్క సంగతి తనకే తెలిసి దూరంగా ఉండాది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది."

"ఏ సంగతి?"

"మీ అమ్మ చెప్పిందిలే."

ఆ మాట మా కొట్టంలో పుట్టి, కొమరోలు దాకా పోయి, తిరిగి నా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. ఆ పూట నా భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, నాయన వద్దన్న మాటను పక్కన పెట్టి, మొదటి నుంచి చెప్పాను.

"కప్పింది మీరేనా?"

"నేనే."

"ఇన్నేండ్లూ చెప్పలేదా?"

"చెప్పినా. నమ్మలేదు."

"ఒకసారి చెప్పి ఊరుకున్నారు." ఆమె లేచి పాప బట్టలు మడత పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నది. "ఆమెకు మాటలు చెప్తే ఇప్పుడు ఎక్కవు. పాపను ఆమె చేతిలో పెట్టండి. పెట్టాల్సింది నేను గాదు, మీరు."

తెల్లారి భార్య పాపకు పాలిచ్చి, మేకపాలు కాచి ఒక గ్లాసులో పోసి పెట్టింది. అత్త గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను చేట పక్కకు జరిపి, పాపను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె రెండు చేతులూ పైకెత్తేసింది.

"వద్దు అల్లుడా. తీసుకో. నాకియ్యబాకు."

"మేమిద్దరం బజారుకు పోతాండాం. మధ్యాహ్నానికి వస్తాం."

"అమ్మీ, నువ్వన్నా ఉండు," అన్నది నా భార్యతో. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. వెనక్కి తిరగలేదు.

"అల్లుడా, దీనికేమన్నా అయితే?"

"ఏం గాదు. అప్పుడు చేసింది నేను. నీ చెయ్యి గాదు."

అత్త చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నేను తలుపు దగ్గరికి వేసి వీధిలోకి వచ్చాను. సందు చివర దాకా నడిచేసరికి వెనక పాప ఏడుపు వినిపించింది. గుక్కపట్టి ఏడుస్తోంది. నా భార్య ఆగిపోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. పలకలు కోసే షెడ్డు ముందు, ఆ దుమ్ములో, ఇద్దరం నిలబడ్డాం. దారిన పోయేవాళ్లు మమ్మల్ని చూసుకుంటూ పోయారు.

ఏడుపు ఆగింది. ఎందుకు ఆగిందో చూడటానికి నేను వెనక్కి పోలేదు. ఆమెను కూడా పోనివ్వలేదు. ఇద్దరం బజారు వైపు నడిచాం.